గుండె గుట్టు విప్పే మిల్లీ వోల్టు
* ఈసీజీ సెన్సర్ల రూపకల్పనలో మెలకువలెన్నో
* పల్లెలో పరీక్ష.. పట్టణంలో పరిశీలన

సోమల: ఛాతీలో నొప్పి రాగానే ‘గ్యాస్’ అనుకుని సోడా తాగి పడుకునేవారు పల్లెల్లో నేటికీ ఉన్నారు. అది అజీర్తో, గుండెపోటో తేల్చడానికి తొలి ఆధారం ఈసీజీ. హృద్రోగ నిపుణుల కోసం పట్టణాలకు పరుగులు తీయాల్సిన సోమల వంటి మారుమూల మండలాల్లో ప్రతి నిమిషమూ విలువైనదే. ఇంతకీ ఈసీజీ సెన్సర్ గుండె తీరును ఎలా పసిగడుతుంది?

ఉప్పునీటి పాత్రలతో ఆరంభం
గుండె ముడుచుకునే ముందు ప్రతిసారీ దాని కండరాల్లో సూక్ష్మ విద్యుత్తు ప్రసరిస్తుంది. చర్మంపైకి చేరేసరికి అది సుమారు ఒక మిల్లీ వోల్టే. టార్చిలైటు సెల్లులోని ఒకటిన్నర వోల్టుతో పోలిస్తే 1500వ వంతు. దీన్ని కచ్చితంగా నమోదు చేసే యంత్రాన్ని డచ్ శాస్త్రవేత్త విలెం ఐంథోవెన్ 20వ శతాబ్దం తొలినాళ్లలో రూపొందించారు. దాని బరువు సుమారు 270 కిలోలు. రోగి రెండు చేతులను, ఎడమ కాలిని ఉప్పునీటి పాత్రల్లో ఉంచాల్సి వచ్చేది. 1905లోనే ఆయన ఆసుపత్రి నుంచి కిలోమీటరున్నర దూరంలోని ప్రయోగశాలకు టెలిఫోన్ తీగపై ఈ సంకేతాన్ని పంపించారు. 1924లో నోబెల్ బహుమతి ఆయనను వరించింది.

అడ్డంకులు మూడు
మొదటిది చర్మం. పొడిబారిన చర్మం విద్యుత్తును అడ్డుకుంటుంది. అందుకే సిల్వర్ క్లోరైడ్ పూసిన వెండి ఎలక్ట్రోడ్‌ను జెల్‌తో అతికిస్తారు. రెండోది పరిసరాల్లోని 50 హెర్ట్జ్ కరెంటు రొద. ఇది శరీరమంతటా ఒకేలా వ్యాపిస్తుంది కనుక, రెండు ఎలక్ట్రోడ్లకు ఉమ్మడిగా అందినదాన్ని యాంప్లిఫయర్ తోసిపుచ్చి, తేడాను మాత్రమే వందల రెట్లు పెంచుతుంది. మూడోది రోగి కదలిక, శ్వాస. వీటిని ఫిల్టర్లతో తొలగించవచ్చు. అయితే మితిమీరి వడపోస్తే గుండెపోటును సూచించే ‘ఎస్‌టీ’ భాగం కూడా రూపు మారిపోతుంది. రొదను తీసేయాలి, రోగ లక్షణాన్ని పోగొట్టకూడదు. రూపకర్తల నేర్పంతా ఇక్కడే.

చేతి గడియారం చాలదు
స్మార్ట్ గడియారాలు సాధారణంగా ఆకుపచ్చ కాంతిని చర్మంపై ప్రసరింపజేసి నాడిని లెక్కిస్తాయి. కొన్ని ఒకే కోణంలో ఈసీజీ తీస్తాయి. లయ తప్పిన గుండెను గుర్తించడానికి అవి తోడ్పడినా, గుండెపోటు నిర్ధారణకు సరిపోవు. అందుకు పది ఎలక్ట్రోడ్లతో పన్నెండు కోణాల్లో తీసే ఈసీజీ అవసరం.

పల్లెకు చేరితేనే ఫలం
ఐఐటీ హైదరాబాద్‌లో ఆచార్య అమిత్ ఆచార్య బృందం తక్కువ విద్యుత్తుతో ఈసీజీని విశ్లేషించే పరికరాలపై పరిశోధనలు చేసింది. 2023లో రాష్ట్రంలో మొదలైన ‘స్టెమీ’ కార్యక్రమం కింద ఎంపిక చేసిన ఆసుపత్రుల్లో తీసిన ఈసీజీని తిరుపతి వంటి కేంద్రాల్లోని నిపుణులు పరిశీలిస్తారు. వారి సలహాతో రక్తపుగడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను అక్కడే ఇస్తారు.

ఛాతీ బరువెక్కడం, చెమటలు పట్టడం, నొప్పి ఎడమ చేతికి లేదా దవడకు పాకడం వంటి లక్షణాలుంటే వెంటనే 108కు ఫోన్ చేయాలి. తొలి ఈసీజీ మామూలుగా ఉన్నా నిర్లక్ష్యం తగదు. లక్షణాలు కొనసాగితే మళ్లీ తీయించాల్సిందే.