మాహిష్మతి వాకిట నిరీక్షణ

గడచిన రెండు విద్యా సంవత్సరాలలో మా తరగతి గదులలో పాఠ్య విషయాలకంటె ఎక్కువగా చర్చకు వచ్చిన ప్రశ్న ఒకటి కలదు. "సార్, ఫిల్మ్ సిటీలో కొత్త సెట్టు ఎప్పుడు తెరుస్తారు?" ఇది పరీక్షలో వచ్చు ప్రశ్న కాదు. అయినను దీని మూలమున మా కళాశాల విజ్ఞాన విహారయాత్ర రెండు పర్యాయములు వాయిదా పడినది. ఆ వాయిదాల ఫలితంగా తొమ్మిదిమంది విద్యార్థినులు యాత్ర చూడకుండానే చదువు ముగించుకొని కళాశాల విడిచిపోయినారు. అందుచేత దీనిని కుర్రతనపు ముచ్చటగా కొట్టివేయుటకు మాకు మనసొప్పలేదు. ఒక చలనచిత్రం ప్రేక్షకుల మనస్సులో ఊరుగా వెలయుట, ఆ ఊరు నిజంగా నేలమీద నిలుచుట, అది ఇంకను పెరుగునని జనం ఎదురుచూచుట, ఆ ఎదురుచూపులో ఊహలు పుట్టుట అనే ఈ వరుసను కొంచెం విడదీసి చూడవలెనని సంకల్పించినాము.

రామోజీ ఫిల్మ్ సిటీ 1996లో ప్రారంభమైనది. హైదరాబాదు నుండి విజయవాడకు వచ్చు జాతీయ రహదారి పక్కన, 1,600 ఎకరాలకు పైబడిన విస్తీర్ణంలో ఉన్నది. ప్రపంచంలోకెల్లా పెద్ద చలనచిత్ర నిర్మాణ సముదాయంగా గిన్నిస్ గ్రంథానికెక్కినది. చిత్ర నిర్మాణమునకై వెలసిన ఈ స్థలం కాలక్రమంలో యాత్రాస్థలం కూడ అయినది. ఎస్.ఎస్. రాజమౌళి 'బాహుబలి' చిత్రాల కొరకు కళాదర్శకుడు సాబు సిరిల్ మాహిష్మతి కోటను నిలబెట్టినది ఇక్కడనే. మొదటి భాగం 2015 జూలై 10న విడుదలయినది. రెండవ భాగం 2016లోనే వచ్చునని మొదట అనుకొన్నారు. అది వెనుకకు జరిగి జరిగి 2017 ఏప్రిల్ 28న వచ్చినది.

ఆ మధ్యకాలం ఇంచుమించు ఇరువది రెండు మాసాలు. అంతకాలమును తెలుగుదేశం ఒకే ప్రశ్నతో గడిపినదనిన అతిశయోక్తి కానేరదు. కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపినాడు? టీ కొట్టు వద్ద, బస్సులో, పెండ్లి పందిరిలో, చివరకు మా స్టాఫు రూములో సైతం ఇదే మాట. తిరువూరు బస్టాండులో ఇద్దరు పెద్దమనుషులు ఈ విషయమై గొంతులు పెంచుకొని వాదించుకొనుచు, ఎక్కవలసిన మైలవరం బస్సును వదులుకొనుట మేము కన్నులారా చూచినాము.

ఇక్కడ ఒక విశేషం గమనింపదగినది. ఆనాడు జనం చెప్పిన సమాధానాలన్నియు ఒక్క తరగతికి చెందినవి కావు. కొందరు మొదటి భాగమును మరల మరల చూచి, అందులో అస్లం ఖాన్ అను దూరదేశపు ఆయుధ వర్తకుడు కట్టప్పతో మాట్లాడు ఘట్టమును పట్టుకొన్నారు. నీకు దాస్యవిముక్తి కలిగించెదనని అతడు చెప్పగా, తన పూర్వీకులు సింహాసనమునకు మాట ఇచ్చి ఉన్నారనియు, తాను ఆ మాటకు బద్ధుడననియు కట్టప్ప ఆ కోరికను నిరాకరించును. సింహాసనమునకు కట్టుబడినవాడు ప్రియమైన మనిషిని చంపినాడనిన, ఆజ్ఞ సింహాసనం నుండియే వచ్చి ఉండవలెనని వారు తర్కించినారు. రెండవ భాగంలో తేలినది అదియే. శివగామి ఆజ్ఞాపించినది, మోసపోయి ఆజ్ఞాపించినది. మోసం సంగతి ముందుగా ఎవరును పూర్తిగా పట్టుకొని ఉండకపోవచ్చును. కాని దారి మాత్రం సరిగా పట్టినారు. మరికొందరు ఇట్టి శ్రమ ఏమియు లేకుండ, "చిత్రంలో పనిచేసినవారే చెప్పినారట" అని ఆరంభించి, నోటికి వచ్చిన కథ చెప్పినారు. మొదటిదానిని అంచనా అనవలెను. రెండవది వదంతి.

మా సంచికలో ఉర్దూ పుటలును తెలుగు పుటలును పక్కపక్కన ఉండుటవలన ఈ మాటల పుట్టుక చెప్పుకొనుటకు మాకు ఒక సౌలభ్యం కలదు. 'వదంతి' అనునది సంస్కృతంలో క్రియాపదం. 'వారు పలుకుచున్నారు' అని దాని అర్థం. వారు ఎవరో ఆ మాటలో లేదు. ఉర్దూలో దీనినే 'అఫ్వాహ్' అందుము. అరబ్బీలో అది 'నోళ్ళు' అను బహువచనం. అనగా అచ్చటను మనిషి లేడు, నోళ్ళు మాత్రమే ఉన్నవి. తెలుగువారు ఆ నోట ఈ నోట విన్నామనుట సరిగా ఇదియే. ఇక 'ఖబర్' అను అరబ్బీ మాట ఉర్దూ ద్వారా మనకు వచ్చి 'కబురు' అయినది. ఏకవచనంలో ఉన్నంతవరకు అది గౌరవనీయమైన వార్త. కబురు పంపినారు, కబురు అందినది అందుము. దానినే బహువచనం చేసి 'కబుర్లు' అనగానే కాలక్షేపం అయిపోవును. ఒక్క నోరు చెప్పిన కబురు పది నోళ్ళలో పడి కబుర్లగుట ఎట్లో ఈ వ్యాకరణమే చూపుచున్నది. తెలుగు ఎం.ఏ. చదివిన మాకు ఈ సంగతి తోచుటకు ఇన్నేండ్లు పట్టినదని ఒప్పుకొనక తప్పదు.

రెండవ భాగం విడుదలయిన పిదప మాహిష్మతి సెట్టులో కొంతభాగమును అట్లే నిలిపి సందర్శకులకు తెరచినారు. అప్పటినుండి అభిమానుల ప్రశ్న మారినది. కథలో తరువాత ఏమి జరుగును అనుటకు బదులు, ఈ ఊరు తరువాత ఎంత పెరుగును, ఇంకొక చిత్రపు కోటను ఎప్పుడు చేర్చెదరు అని అడుగసాగినారు. చూచుటకు ఇది తేలికైన పనివలె తోచును. కోట ఉన్నది, తలుపు తీయుటయే కదా అందుము. కాని చిత్రం కొరకు కట్టినది కెమెరా కంటికై కట్టినది. కెమెరా చూచు ముఖమునకే శిల్పం ఉండును. వెనుకవైపు ఇనుప గొట్టములు, చెక్కలు, ఆసరా కర్రలు. తెరమీద మనం చూచిన మాహిష్మతిలో పెద్దభాగం కంప్యూటరులో గీసినది. ఆ మహా జలపాతం సైతం కేరళలోని అతిరప్పిళ్ళి వద్ద తీసిన దృశ్యములను పెంచి చేసినది. అట్టిదానిని ఊరుగా మార్చవలెననిన, రోజుకు వేలమంది నడచుటకు, పిల్లలు ఎక్కుటకు, ఏటేటి వానకు ఎండకు తట్టుకొనునట్లు మరల కట్టవలసి వచ్చును. ఇది కాక కథ ఒకరిది, నేల మరొకరిది అయినపుడు హక్కుల ఒప్పందం కుదురవలెను. ఆలస్యమునకు రహస్య కారణం వెదకనక్కరలేదు. పని స్వభావమే అట్టిది.

సంపన్న దేశములలో సైతం ఇదే వరస. జేమ్స్ కామెరాన్ 'అవతార్' చిత్రలోకమును అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో ఉన్న డిస్నీ ఉద్యానంలో నిర్మించెదమని 2011లో ప్రకటించినారు. తలుపులు తెరచినది 2017 మే 27న. అదే రాష్ట్రంలోని ఓర్లాండోలో యూనివర్సల్ సంస్థ 'ఎపిక్ యూనివర్స్' అను కొత్త ఉద్యానమును 2019 ఆగస్టులో ప్రకటించినది. 2020లో మహమ్మారి మూలమున పని ఆపివేసినది. 2021లో తిరిగి ఆరంభించి 2025 మే 22న తెరచినది. హ్యారీ పాటర్ కథాలోకం అందులో ఒక భాగం. ఆ ఆరేండ్లును అక్కడి అభిమానులు ఊరకుండలేదు. స్థానిక ప్రభుత్వమునకు దాఖలయిన నిర్మాణ అనుమతి పత్రములను వెదకి చదివినారు. ఆకాశం నుండి తీసిన చిత్రములను నెలనెలా పోల్చి, పునాది ఎచ్చట పడినది, గోడ ఎంత లేచినది అని లెక్క వేసినారు. ఊహించుట అనిన అది. మనవారు అంతపని చేయరా అనిన, చేయగలరు. అస్లం ఖాన్ ఘట్టమును పట్టుకొన్నవారు మనవారే కదా.

ఆలస్యములన్నియు చివరకు ఫలించునని కూడ అనుకొనరాదు. బాహుబలి కథకు పూర్వరంగమును ధారావాహికగా తీయుదుమని నెట్‌ఫ్లిక్స్ సంస్థ 2018లో ప్రకటించినది. ఆనంద్ నీలకంఠన్ వ్రాసిన శివగామి నవల దానికి ఆధారం. చిత్రీకరణ జరిగినది. కాని అది ప్రేక్షకుల ముందుకు రాకుండనే ఆగిపోయినది. 'ఆర్ఆర్ఆర్' సంగతి ఇందుకు భిన్నం. 2020 జూలై 30 అన్నారు. 2021 జనవరి 8 అన్నారు. 2021 అక్టోబరు 13, ఆపైన 2022 జనవరి 7 అన్నారు. తుదకు 2022 మార్చి 25న వచ్చినది. ఈ రెండింటిని పక్కపక్కన పెట్టిన ఒక సంగతి తెలియును. ప్రకటించిన తేదీ నిర్మాతల కోరిక మాత్రమే. దానిని బాండు పత్రంగా భావించుట మన పొరపాటు.

మన జిల్లా ప్రజలకు ఇంకను దగ్గరి ఉదాహరణ ఒకటి కలదు. చెప్పుటకు కొంత సంకోచించినను చెప్పుచున్నాము. 2017లో అమరావతి కట్టడముల రూపకల్పన విషయమై నాటి ప్రభుత్వం రాజమౌళి సలహాలు కోరినది. వెంటనే రాజధాని మాహిష్మతివలె ఉండునని మాట పుట్టినది. తాను రూపకర్తగా నియమితుడను కాలేదనియు, ఫోస్టర్ సంస్థ వారు సమర్థులనియు ఆయన స్వయముగా వివరణ ఇచ్చుకొనవలసి వచ్చినది. వివరణ ఎందరికి చేరినదో గాని, మాహిష్మతి మాట మాత్రం మన మండలం వరకు వచ్చినది. 2019 నుండి 2024 వరకు అచ్చటి పనులు ఇంచుమించు నిలిచిపోయినవి. 2025 మే 2న తిరిగి ఆరంభమైనవి. సినిమా టిక్కెట్టు విషయంలో వదంతిని నమ్మిన పోవునది నూటయాభై రూపాయలు. ఇంటిస్థలం విషయంలో నమ్మినవారికి పోయినదెంతో వారినే అడుగవలెను.

ఇక మా కళాశాల యాత్ర సంగతి. మొన్నటి విద్యా సంవత్సరంలో డిసెంబరు నెలకు ఫిల్మ్ సిటీ యాత్ర నిశ్చయమైనది. తలకు వెయ్యిన్ని ఐదు వందల రూపాయలు. మా విద్యార్థినులలో కొందరి తల్లులు మిరపకాయల కోతకు వెళ్ళి ఆ మొత్తమును కూడబెట్టి ఇచ్చినారని మాకు తెలియును. అట్టి తరుణంలో ఫోనులో ఒక శ్రవ్య సందేశం తిరిగినది. సంక్రాంతికి కొత్త చిత్రపు కోట ఒకటి తెరచుచున్నారనియు, ముందుగా వెళ్ళినవారు నష్టపోవుదురనియు అందులో ఒక గొంతు చెప్పినది. ఎవరి గొంతు? ఎవరును అడుగలేదు. మేమును అడుగలేదు. యాత్రను జనవరికి మార్చవలసినదిగా పాలక సంఘమునకు పంపిన విన్నపంపై సంతకం చేసినవారిలో మేము ఒకరము. జనవరిలో తలుపు తెరవలేదు. ఉగాదికి అన్నారు. ఉగాది వచ్చినది, పరీక్షలు వచ్చినవి, మూడవ సంవత్సరం వారు వెళ్ళిపోయినారు. బస్సు యజమానికి ఇచ్చిన బయానా తిరిగి రాలేదు. తొమ్మిదిమందికి సొమ్ము తిరిగి ఇచ్చునపుడు మనిషికి నూట ఇరువది రూపాయలు తగ్గినవి. ఒక తల్లి ఆ నోట్లను కొంగున ముడివేసుకొనుచు, "చూపిస్తామన్నారు కదా సార్" అన్నది. ఆమె కోపంగా అనలేదు. కోపంగా అన్న మాకు కొంత తేలికగా ఉండెడిది.

తగ్గిన ఆ నూట ఇరువది రూపాయలను పిదప మేము సంతకాలు చేసిన నలుగురమును కలిసి చెల్లించినాము. ఇది గొప్పగా చెప్పుకొనుట కాదు. పాలక సంఘం పెద్దలకు లెక్క తెలియవలెనని వ్రాయుచున్నాము.

ఈ సంవత్సరం యాత్రకు ముందు మేము చేసిన పని చాల చిన్నది. ఫిల్మ్ సిటీ వారి విచారణ కార్యాలయమునకు విద్యార్థుల చేతనే ఫోను చేయించినాము. అట్టి ప్రకటన ఏదియు తాము చేసి ఉండలేదని రెండు నిమిషములలో సమాధానం వచ్చినది. రెండేండ్ల చర్చ ఆ రెండు నిమిషములలో ముగిసినందుకు కొందరు విద్యార్థులు నిజముగా చిన్నబోయినారు. వారి బాధ మాకు అర్థమగుచున్నది. ఎదురుచూచుటలో ఒక రుచి కలదు. ఉర్దూ గజల్ యావత్తు 'ఇంతెజార్' అను ఆ ఒక్క మాటమీద బ్రతికినదని మా ఉర్దూ శాఖ మిత్రులు హాస్యమాడుచుందురు. ఆ రుచిని కాదనుటకు మేమెవరము? కాని గజల్ లోని ప్రేమికుడు తన కాలమును మాత్రమే వ్యయం చేయును, ఇతరుల బయానాను కాదు.

డిసెంబరు మొదటి శనివారం తెల్లవారుజామున బస్సు బయలుదేరి ఖమ్మం, సూర్యాపేటల మీదుగా వెళ్ళినది. గత సంవత్సరం వెళ్ళిపోయిన తొమ్మిదిమందికి కబురు పంపగా ముగ్గురు వచ్చినారు. మిగిలినవారిలో కొందరికి వివాహములయినవి, కొందరు ఉద్యోగాలలో ఉన్నారు. మాహిష్మతి వాకిట ఆ ముగ్గురును చాలసేపు నిలిచి తలలెత్తి చూచినారు. ఒకామె పెద్ద రాతి స్తంభమును వ్రేళ్ళతో తట్టినది. డొల్ల శబ్దం వచ్చినది. ముగ్గురును ఒకరి ముఖం ఒకరు చూచుకొని పగలబడి నవ్వినారు. తరువాత ముగ్గురును వరుసగా స్తంభములన్నింటిని తట్టుచు పోయినారు, ఒక్కటైనను నిజమైన రాయి ఉండకపోవునా అని.

తిరుగు ప్రయాణంలో సూర్యాపేట దాటిన పిదప వెనుక సీటు నుండి ఒక గొంతు వినవచ్చినది. "సార్, వచ్చే ఏడాది ఇంకో కోట పెడతారంట!"

"ఎవరన్నారు?" అని బస్సులో సగంమంది ఒక్కసారిగా అడిగినారు.