మూడు గంటల మెలకువ

తిరుమలలో రాత్రి చాలా పొట్టిది. దర్శనాలన్నీ ముగిసి ఏకాంత సేవ మొదలయ్యేసరికి మామూలుగా ఒంటిగంట దాటుతుంది. వెండి భోగ శ్రీనివాసమూర్తిని ఊయల మంచం మీద పవళింపజేస్తారు. వేడి పాలు నివేదిస్తారు. తాళ్ళపాక వంశీకులు లాలి పాడతారు, తరిగొండ వెంగమాంబ పేరిట ముత్యాల హారతి ఇస్తారు. తలుపులు మూసి గంటన్నర గడుస్తుందో లేదో, మూడు గంటలకల్లా బంగారు వాకిలి ముందు సుప్రభాతం మొదలు.

కొండ కింద తిరుపతిలో అదే వేళకు చాలా ఇళ్ళలో ఎవరో ఒకరు మేలుకునే ఉంటారు. భక్తితో కాదు. నలభై ఐదు దాటిన మనిషి పదిన్నరకు పడుకుంటే ఇట్టే నిద్ర పడుతుంది, మూడింటికి కళ్ళు తెరుచుకుంటాయి, ఇక మూతపడవు. ఫోను తీసి టైము చూస్తారు. కూతురి కాలేజీ ఫీజు, బ్యాంకు అప్పు, మోకాలి నొప్పి ఒకదాని వెనక ఒకటి గుర్తొస్తాయి. ఐదింటికి మళ్ళీ కునుకు పడుతుండగా అలారం మోగుతుంది.

మూడింటికే ఎందుకు? నిద్ర రాత్రంతా ఒకే తీరుగా ఉండదు. దాదాపు గంటన్నరకు ఒకటి చొప్పున నాలుగైదు విడతలు నడుస్తాయి. గాఢ నిద్రలో ఎక్కువ భాగం మొదటి రెండు విడతల్లోనే అయిపోతుంది. ఆ తరువాత మిగిలేది తేలిక నిద్ర, కలలు. విడత మారేటప్పుడు అందరికీ క్షణకాలం మెలకువ వస్తుంది. ఇరవై ఏళ్ళ కుర్రాడు అటు నుంచి ఇటు దొర్లి మళ్ళీ పడుకుంటాడు, తెల్లారాక అతనికి ఆ సంగతే గుర్తుండదు. వయసు పెరిగేకొద్దీ గాఢ నిద్ర తగ్గి తేలిక నిద్ర పెరుగుతుంది. ఒకప్పుడు లెక్కలోకి రాని చిన్న సంగతులు, అంటే నిండిన మూత్రాశయం, పక్క మనిషి గురక, కరెంటు పోయి ఆగిన ఫ్యాను, ఇప్పుడు లేపి కూర్చోబెడతాయి. కాబట్టి నడివయసులో ఒకసారి మెలకువ రావడం జబ్బేమీ కాదు. వచ్చిన మెలకువ గంటల తరబడి పోకపోవడమే బాధ. ఈ రెంటినీ కలిపేసుకుని, తెల్లవార్లూ ఒక్కసారి కూడా కన్ను తెరవకూడదని పట్టుబట్టినవాళ్ళకే నిద్ర మరింత దూరమవుతుంది.

ఆడవాళ్ళ నిద్ర గురించి మాట్లాడాలంటే, మన రాష్ట్రంలో గర్భసంచి ఆపరేషన్ ఊసు ఎత్తకుండా కుదరదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ మధ్య స్త్రీలలో ఈ ఆపరేషన్ అయినవారు దేశం మొత్తం మీద నూటికి 3 మంది ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 మంది. దేశంలో అందరికంటే ఎక్కువ. ‘పిల్లలు పుట్టేశారు, ఇంక దాంతో పనేముంది’ అన్న ఒక్క మాటతో ముప్పై ఐదేళ్ళకే తీయించుకున్నవాళ్ళు పల్లెల్లో కనిపిస్తారు. అండాశయాలు కూడా తీసేస్తే ఈస్ట్రోజెన్ అనే హార్మోను ఒక్కసారిగా పడిపోతుంది. వాటిని ఉంచినా ఈస్ట్రోజెన్ తగ్గే దశ కొన్నేళ్ళు ముందుకు జరగవచ్చు. ఏ ఆపరేషనూ లేకుండా సహజంగా ముట్లు నిలిచే వయసు కూడా మన దేశంలో సగటున 46, 47 ఏళ్ళే. పడమటి దేశాల్లో అది 51.

ఆ దశలో రాత్రిపూట ఛాతీ నుంచి మెడకూ ముఖానికీ ఒక సెగ పాకుతుంది. జాకెట్టు తడిసేలా చెమట పోస్తుంది, రెండు నిమిషాలకే చలి పుడుతుంది. చాలామంది దీన్ని ‘వేడి చేసింది’ అని మజ్జిగ తాగి సరిపెట్టుకుంటారు. మజ్జిగ వల్ల చెడేదేమీ లేదు, కానీ సెగ పుట్టేది కడుపులో కాదు. ఒంటి వేడిని అదుపులో ఉంచే మెదడు భాగం, ఈస్ట్రోజెన్ తగ్గాక, చిన్న తేడాకే ఉలిక్కిపడి చెమట పోయిస్తుంది. అందుకే పలుచటి నూలు బట్ట, విడి దుప్పటి, మంచం పక్కన తడిగుడ్డ, కిటికీకి ఎదురుగా పడక లాంటి చిన్న ఏర్పాట్లు నిజంగానే పని చేస్తాయి. సెగలు రాత్రికి నాలుగైదు సార్లు లేపుతుంటే మాత్రం స్త్రీల డాక్టరుతో మాట్లాడాల్సిందే. మందులున్నాయి, అవి ఎవరికి సరిపడతాయో చూసి ఇస్తారు.

వేడి సంగతి మగవాళ్ళకూ వర్తిస్తుంది. నిద్ర పట్టాలంటే ఒంటి లోపలి వేడి కాస్త తగ్గాలి, ఆ వేడి అరచేతుల నుంచి, అరికాళ్ళ నుంచి బయటికి పోవాలి. 2015లో టాంజానియా, నమీబియా, బొలీవియాలలో కరెంటు లేని మూడు తెగల నిద్రను కొలిచిన పరిశోధకులకు ఒక ఆసక్తికరమైన సంగతి తెలిసింది. వాళ్ళు పొద్దుగూకగానే పడుకోరు. సుమారు మూడు గంటల తరువాత, గాలి చల్లబడుతుండగా పడుకుంటారు. వేడి అడుగంటే వేళకు, చాలావరకు తెల్లారకముందే లేస్తారు. వాళ్ళు నిద్రపోయేది కూడా ఏడు గంటల లోపే. ఎండాకాలంలో మిద్దె మీద సాయంత్రం నీళ్ళు చల్లి, రాత్రి నులక మంచం వేసుకున్న చిత్తూరు పెద్దలు ఈ లెక్క ఎవరూ చెప్పకుండానే పాటించారు. ఇప్పుడు కాంక్రీటు కప్పు పగలంతా మే నెల ఎండను తాగి అర్ధరాత్రి దాకా గదిలోకి కక్కుతుంది. ఏసీ లేని ఇంట్లో చేయగలిగిన పని ఒకటుంది. పడుకోవడానికి గంట, రెండు గంటల ముందు వెచ్చని నీళ్ళతో పది నిమిషాలు స్నానం చేయాలి. చన్నీళ్ళు కాదు. వెచ్చని నీళ్ళకు చర్మం కింద రక్తనాళాలు విచ్చుకుని లోపలి వేడిని బయటికి పంపుతాయి. టెక్సాస్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2019లో పాత పరిశోధనలన్నీ కలిపి చూసి, ఇలా చేసినవారికి సగటున పది నిమిషాలు ముందుగా నిద్ర పడుతుందని తేల్చారు.

కాఫీ దగ్గర మాత్రం ఈ ప్రాంతంవాళ్ళను ఒప్పించడం కష్టం. అరవ దేశం పక్కనే ఉండటంతో ఫిల్టరు కాఫీ చిత్తూరు, పుత్తూరు, నగరి ఇళ్ళలో పూటపూటా జరిగే వ్యవహారం. సాయంత్రం ఆరింటికి గ్లాసెడు తాగితే, అందులోని కెఫీన్‌లో సగం రాత్రి పదకొండుకు కూడా ఒంట్లోనే ఉంటుంది. ‘నేను కాఫీ తాగినా గుర్రుపెట్టి పడుకుంటాను’ అనేవాళ్ళకు నిద్ర పట్టడం నిజమే, ఆ నిద్ర పలచబడటమూ నిజమే. మధ్యాహ్నం రెండుతో ఆపేస్తే చాలు, పొద్దున కాఫీని ఎవరూ వదులుకోనక్కర్లేదు. మద్యం సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. త్వరగా పడుకోబెడుతుంది, నిద్రలో రెండో సగాన్ని చెడగొడుతుంది. తొమ్మిదిన్నరకు కారం దట్టించిన ఊరుబిండితో సంగటి ముద్ద తిని పదింటికి వాలిపోతే గుండెల్లో మంట ఎలాగూ లేపుతుంది.

అసలు మందు ఇవేవీ కావు. నిద్ర వైద్యులు ముందుగా సరిచేసేది లేచే వేళను. దీనికి చిత్తూరు పాడి రైతును మించిన ఉదాహరణ దొరకదు. నాలుగింటికి ఆవు అరుస్తుంది, ఐదున్నరకు పాలకేంద్రం దగ్గర క్యాన్ దించాలి. ఆవుకు ఆదివారం లేదు, పండగ లేదు. రాత్రి ఎంత తక్కువ పడుకున్నా ఆ రైతు లేచే వేళ మారదు, కాబట్టి మరుసటి రాత్రి నిద్ర తనంతట తానే ముందుకొచ్చి పట్టేస్తుంది. పైగా తెల్లారగానే ఆకాశం వెలుగు కంట్లో పడుతుంది. మెదడులోని గడియారం రోజూ సరిపెట్టుకునేది ఆ వెలుగుతోనే. ఆ గడియారం కణాల్లో ఎలా నడుస్తుందో చెప్పినందుకే 2017లో ముగ్గురు అమెరికా శాస్త్రవేత్తలకు నోబెల్ వచ్చింది. తిరుపతిలో పొద్దున్నే అలిపిరి మెట్ల మీద కనిపించేవాళ్ళలో మొక్కులేని స్థానికులూ ఉంటారు. వెలుగు, నడక రెండూ ఒకేసారి దక్కే మంచి పద్ధతి అది. మోకాళ్ళు బాగుంటేనే.

మూడింటికి లేచి ఇక పట్టనివాళ్ళకు చెప్పే చికిత్సలో రెండు మెట్లున్నాయి. రిచర్డ్ బూట్జిన్ అనే మనస్తత్వవేత్త 1972లోనే మొదటిది చెప్పాడు. ఇరవై నిమిషాలుగా నిద్ర రావడం లేదనిపిస్తే మంచం దిగాలి. మసక వెలుతురులో కూర్చుని ఏదో విసుగు పుట్టించే పని చేసి, కళ్ళు వాలితేనే తిరిగి వెళ్ళాలి. గడియారం, ఫోను చూడకూడదు. మంచం అంటే దిగులుపడే చోటు అని మెదడు నేర్చుకున్న పాఠాన్ని ఇలా మరిపిస్తారు. రెండోది వినడానికి మొరటుగా ఉంటుంది. రాత్రికి ఐదున్నర గంటలే నిద్ర పడుతున్న మనిషి తొమ్మిది గంటలు మంచం మీద ఉంటే లాభం లేదు. లేచే వేళ ఐదు అనుకుంటే పదకొండున్నర అయ్యాకే పడుకోవాలి. వారం గడిచి, మంచం మీద ఉన్న సేపు దాదాపు అంతా నిద్రే అయినప్పుడు పావుగంట ముందుకు జరగాలి. మంచం మీద ఉండే సేపును ఐదు గంటలకు తక్కువ చేయకూడదు. మొదటి వారం పగలు తూగు వస్తుంది, కాబట్టి ఘాట్ రోడ్డు మీద బండి నడిపేవాళ్ళు, మూర్ఛ ఉన్నవాళ్ళు డాక్టరు చెప్పకుండా దీని జోలికి పోకూడదు. నిద్రలేమి ముదిరిన పెద్దవాళ్ళందరికీ మాత్రలకంటే ముందు ఈ తరహా చికిత్సే ఇవ్వాలని అమెరికా వైద్యుల సంఘం 2016లో సూచించింది.

అందరికీ ఇది కుదరదు. తిరుమల కల్యాణకట్టలో రాత్రి షిఫ్టు క్షురకులకూ, శ్రీసిటీ ఫ్యాక్టరీల కార్మికులకూ లేచే వేళ వాళ్ళ చేతిలో లేదు. పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అడవి అంచున టమాటా తోటకు ఏనుగుల కాపలా ఉండే రైతుకు మెలకువే పంట. వాళ్ళకు పగటిపూట చీకటి గది, నిద్రవేళ ఇంట్లోవాళ్ళు లేపకపోవడం ఉపయోగపడతాయి. మిగతావాళ్ళు మాత్రం మధ్యాహ్నం కునుకును అరగంటకు మించనివ్వకూడదు. ఎండాకాలంలో తప్ప పగటి నిద్ర వద్దని చరక సంహిత కూడా అంటుంది.

ఇక వంటింటి చిట్కాలు. వేడి పాలలో నిద్ర తెప్పించే పదార్థం ఉన్నమాట నిజమే, కానీ గ్లాసులో ఉండేది చాలా స్వల్పం. పాలు తాగి పడుకునే అలవాటే ఎక్కువ పని చేస్తుందేమో. జాజికాయ చిటికెడు పరవాలేదు, మోతాదు పెరిగితే విషమవుతుంది. అశ్వగంధ కొద్దిగా మేలు చేసినట్టు చిన్న పరీక్షల్లో కనిపించింది. థైరాయిడ్, కాలేయం జబ్బులున్నవాళ్ళు అడగకుండా వాడకూడదు.

గట్టి గురక మధ్యలో ఊపిరి ఆగి, ఉక్కిరిబిక్కిరై లేచేవాళ్ళకు పై ఉపాయాలేవీ చాలవు. అది నిద్రలో శ్వాస ఆగే జబ్బు కావచ్చు. లావుపాటి మెడ, బీపీ, పగటి తూగు తోడైతే అనుమానం బలపడుతుంది, పరీక్ష చేయించాలి. రాత్రికి రెండు మూడు సార్లు మూత్రానికి లేచేవాళ్ళు షుగరు, ప్రోస్టేటు చూపించుకోవాలి. వారానికి మూడు రాత్రుల చొప్పున మూడు నెలలు నిద్ర చెడితే దాన్ని ముదిరిన నిద్రలేమిగా లెక్కిస్తారు. తిరుపతిలో రుయా ఆసుపత్రికి వెళ్ళినా, స్విమ్స్‌కు వెళ్ళినా, ముందు రెండు వారాలు ఒక నోటు పుస్తకంలో పడుకున్న వేళ, లేచిన వేళ, రాత్రి మెలకువలు, తాగిన కాఫీలు, వేసుకుంటున్న మాత్రలు రాసి తీసుకెళ్తే, డాక్టరు మొదట అడిగే ప్రశ్నలకు జవాబులన్నీ అందులోనే దొరుకుతాయి.