కెమెరా కంటిలో పువ్వు

కంటిలో పువ్వు వేస్తే చూపు ఆ మేరకు చెడుతుంది. డిజిటల్ కెమెరాకు కన్ను వంటిది సెన్సర్ అనే సిలికాన్ ఫలకం. దానిపై వరుసలు తీరిన లక్షలాది సూక్ష్మభాగాలకు పిక్సెళ్లని పేరు. ప్రతి పిక్సెల్ తనపై పడిన కాంతిని విద్యుదావేశంగా మార్చి, చిత్రంలో ఒక బిందువునకు ఆధారమవుతుంది. ఈ మార్గంలో ముఖ్యమైన అడుగైన సి.సి.డి.ని 1969లో బెల్ ప్రయోగశాలలో రూపొందించిన విల్లార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ 2009లో నోబెల్ బహుమతి పొందారు.

కాంతికి స్పందించనిది మృత పిక్సెల్. అది చిత్రంలో నల్లని చుక్కగా నిలుస్తుంది. చీకటిలో సైతం వెలిగేది తప్త పిక్సెల్. సెన్సర్ వేడెక్కిన కొద్దీ ఈ రెండవ దోషం ప్రబలుతుంది. కనుక గుంటూరు, ప్రకాశం మైదానాల మండుటెండలు కెమెరాకూ పరీక్షయే.

ఇంత చిన్న చుక్కతో వచ్చే చిక్కేమిటి? 2021లో ఈ ప్రాంతపు మిరప తోటలను నల్ల తామర పురుగు ఆశించి పూతను నాశనం చేసింది. దాని పొడవు సుమారు ఒక మిల్లీమీటరు. రైతు తీసిన ఛాయాచిత్రాన్ని పెద్దది చేసి చూచి సలహా చెప్పవలసిన వేళ, నల్లచుక్క పూతలో ఉన్నదా, కెమెరాలో ఉన్నదా అన్నది తేలాలి.

తేల్చుకొనే ఉపాయం సులభం. కటకానికి మూత పెట్టి ఒక చిత్రం, తెల్లకాగితాన్ని ఎదుట నిలిపి మరొక చిత్రం తీయాలి. మొదటిదానిలో తప్త పిక్సెళ్లు, రెండవదానిలో మృత పిక్సెళ్లు బయటపడతాయి. సెన్సర్‌పై దుమ్ము పడినా మచ్చ కనిపిస్తుంది. అయితే దాని అంచులు మసకగా ఉంటాయి, శుభ్రపరిస్తే తొలగిపోతుంది. పిక్సెల్ దోషం తుడిస్తే పోదు.

మృత పిక్సెల్‌కు ప్రాణం పోయడం సాధ్యం కాదు. అందుచేత కెమెరాలోని ప్రోగ్రాం దాని స్థానాన్ని గుర్తుంచుకొని, చుట్టూ ఉన్న అదే రంగు పిక్సెళ్ల విలువల సగటుతో ఆ ఖాళీని పూరిస్తుంది. దీనినే పిక్సెల్ మ్యాపింగ్ అంటారు. తప్త పిక్సెళ్ల విషయం కొంత వేరు. 1990లో ప్రయోగించిన హబుల్ దూరదర్శినిలో, అతిశీతల స్థితిలో ఉంచే సెన్సర్లను నెలకొకసారి వేడెక్కనిచ్చి, వికిరణం వల్ల చెడిన పిక్సెళ్లలో అనేకాన్ని శాస్త్రజ్ఞులు బాగుచేయగలిగారు. ఇది ఇంట చేయదగిన చికిత్స కాదు.

పూరించిన బిందువు ఊహయే కాని సాక్ష్యం కాదు. అందువల్ల పైరుకు మందు నిర్ణయించే చిత్రాన్ని ఒకసారి తీసి ఊరుకోరాదు. కెమెరాను కొద్దిగా జరుపుతూ రెండు మూడు చిత్రాలు తీయాలి. చుక్క పూతతోపాటు జరిగితే అది పూతలోనిది. చిత్రంలో అదే చోట నిలిస్తే కెమెరాలోనిది.