మూడంగుళాల తుపాకీ కథ

2023 ఆగస్టులో కాన్పూరులోని ప్రభుత్వ ఆయుధ సంస్థ అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా ‘ప్రబల్’ అనే రివాల్వర్‌ను విడుదల చేసింది. దేశంలో తయారైన మొదటి లాంగ్ రేంజ్ రివాల్వర్ ఇదేననీ, 50 మీటర్ల దూరం వరకు పనికొస్తుందనీ ప్రకటించింది. ఆ మాట వినగానే ఎవరికైనా జానెడు గొట్టం కళ్లముందు మెదులుతుంది. తీరా కొలతలు చూస్తే గొట్టం 76 మిల్లీమీటర్లు, అంటే మూడంగుళాలే. అంతకుముందు అదే ఊళ్లో తయారైన .32 రివాల్వర్‌ గొట్టమూ మూడంగుళాలే. మారింది గొట్టం కాదు, చట్రం. పాతది మధ్యలో మడత బందు మీద విరిగి తెరుచుకుంటుంది. కొత్తదాంట్లో తూటాల చక్రం మాత్రమే పక్కకు వస్తుంది, చట్రం ఒకే ముక్కగా ఉంటుంది. కాబట్టి బందు అరిగి వదులయ్యే బాధ లేదు. ఈ ఒక్క ఉదాహరణే ఒక పాత నమ్మకాన్ని ప్రశ్నించడానికి చాలు. రోజూ నడుముకు దోపుకొని తిరిగే రివాల్వర్ గురించి జనంలో రెండు మాటలున్నాయి: గొట్టం పొడుగైతే గురి తప్పదని ఒకటి, పొడుగైతే దాగదని మరొకటి. నా ఉద్దేశంలో రెండూ సగం నిజాలే. సూర్యాపేటలోనో కోదాడలోనో మిర్యాలగూడలోనో లైసెన్సు పుచ్చుకున్న మనిషికి ఆ పొడవు నిజంగా అక్కరకొచ్చే సందర్భం దాదాపు లేదు.

గొట్టం పొడవును మొదట నిర్ణయించింది గుర్రం. శామ్యూల్ కోల్ట్ 1836లో అమెరికాలో పేటెంటు పొందిన రివాల్వర్‌కు సంతతిగా 1847లో వచ్చిన వాకర్ మోడల్‌కు తొమ్మిదంగుళాల గొట్టం, రెండు కిలోల బరువు. దాన్ని మనిషి మోయలేదు, జీను మోసింది. నల్ల తుపాకిమందు నిదానంగా కాలుతుంది గనక దాని శక్తినంతా పిండుకోవడానికి పొడవాటి గొట్టం అప్పట్లో అవసరం కూడా. గుర్రం దిగి నగరాల్లో తిరిగేవాళ్ల చేతికి వచ్చేసరికి లెక్క మారింది. 1870ల్లో ఇంగ్లండులో వెబ్లీ కంపెనీ రెండున్నర అంగుళాల గొట్టంతో ‘బుల్‌డాగ్’ను కోటు జేబుకోసమే తయారుచేసింది. అదే కంపెనీ సైన్యానికి 1887లో నాలుగంగుళాల గొట్టంతో మొదటి మోడల్ ఇచ్చి, 1915 నాటికి ఆరోది ఆరంగుళాలకు పెంచింది. ఆ ఆరో మోడల్ కిలో పైనే తూగేది. సైనికాధికారి దాన్ని బెల్టుకు బాహాటంగా వేలాడదీసుకుంటాడు, దాచాల్సిన పని లేదు. అంటే పొడుగు గొట్టం, పొట్టి గొట్టం అన్నవి ఒకే యంత్రపు మంచి చెడు రూపాలు కావు. ఎవరు, ఎక్కడ, ఎలా మోస్తారన్న ప్రశ్నకు వేర్వేరు జవాబులు.

మన వైపు ఆ ప్రశ్న చాలాకాలం తలెత్తనే లేదు. నిజాం కాలపు నల్లగొండ జిల్లాలో తుపాకీ దాచే వస్తువు కాదు, చూపించే వస్తువు. గడీ ముందు అది కనబడటమే దాని ప్రధానమైన పని. 1946 జులై 4న కడవెండిలో, దొరల మీద తిరగబడ్డ సంఘం కార్యకర్త దొడ్డి కొమురయ్యను బలిగొన్నవి దేశ్‌ముఖ్ మనుషుల తుపాకులు. వాటికి ఎదురు నిలిచిన సంఘం వాళ్ల చేతుల్లో మొదట ఉన్నవి కర్రలు, వడిసెలలు. తర్వాత సూర్యాపేట తాలూకా దళాల చేతికొచ్చిన వాటిలో చాలావరకు దొరల నుంచీ రజాకార్ల నుంచీ గుంజుకున్న భుజం తుపాకులు. నడుముకు దోపుకునే లైసెన్సు రివాల్వర్ ఇక్కడి వ్యాపారికి, కాంట్రాక్టరుకు, రాజకీయ నాయకుడికి హోదా గుర్తుగా మారింది స్వాతంత్ర్యం తర్వాతే.

అప్పటికి గొట్టం సంగతి తేల్చే అధికారం వాడేవాడి చేతిలో లేదు, చట్టం చేతిలో ఉంది. 1878లో లిట్టన్ తెచ్చిన ఆయుధ చట్టం భారతీయుడికి లైసెన్సు లేకుండా ఆయుధం ఉండకూడదంది. 1959 చట్టం దాని స్థానంలో వచ్చినా లైసెన్సు అలాగే నిలిచింది. .38, .455, 9 ఎం.ఎం. వంటి సైన్యం, పోలీసుల కొలతలు ప్రొహిబిటెడ్ బోర్ కింద సామాన్యుడికి మూతపడ్డాయి. 1980ల మధ్య నుంచి దిగుమతులు కూడా దాదాపు ఆగాయి. మిగిలిన దారి .32. దానికోసం కాన్పూరు ఫ్యాక్టరీ కొత్తగా బుర్ర బద్దలుకొట్టుకోలేదు. వెబ్లీ నాలుగో మోడల్ .38 నమూనానే తీసుకుని చిన్న తూటాకు సరిపోయేలా కుదించి, మూడంగుళాల గొట్టం పెట్టింది. 2014లో టైటానియం మిశ్రమంతో లక్షా ఇరవై వేల పైచిలుకు ధరకు ‘నిర్భీక్’ను ఆడవాళ్ల ఆయుధంగా ప్రచారం చేసినప్పుడూ బరువే 500 గ్రాములకు తగ్గింది, తూటా మారలేదు. విచిత్రమేమిటంటే, 2020లో వెబ్లీ పేరుతోనే ఉత్తరప్రదేశ్‌లోని హర్దోయ్ జిల్లాలో ఒక ఫ్యాక్టరీ మొదలై మళ్లీ .32 రివాల్వరే తయారుచేసింది.

ఇక భౌతికశాస్త్రం. తూటా వెనుక మందు కాలి పుట్టిన వాయువు గొట్టంలో ఉన్నంతసేపు దాన్ని నెడుతూనే ఉంటుంది. గొట్టం పొడుగైతే నెట్టే దారి పెరుగుతుంది, వేగమూ పెరుగుతుంది. ఈ సూత్రం నిజమే. కానీ ఎంత పెరుగుతుందన్నది మందు మీద ఆధారపడుతుంది. 1935లో వచ్చిన .357 మాగ్నమ్‌లో మందు ఎక్కువ, ఒత్తిడి ఎక్కువ. అందుకే దాని తొలి రివాల్వర్‌కు ఎనిమిదింబావు అంగుళాలకు పైబడిన గొట్టం పెట్టినా దండగ కాలేదు. .32 తూటా 1896 నాటి మెతక సరుకు. ఆరు గ్రాములకు కాస్త పైబడిన సీసం, సెకనుకు రెండు వందల మీటర్ల పైచిలుకు వేగం, మొత్తం మీద సుమారు 150 జౌళ్ల శక్తి. మాగ్నమ్ శక్తి దానికి నాలుగైదు రెట్లు. .32లోని కాస్త మందు మొదటి రెండు మూడంగుళాల్లోనే దాదాపు కాలిపోతుంది. పైగా రివాల్వర్‌లో చక్రానికీ గొట్టానికీ మధ్య సన్నని సందు తప్పనిసరి, లేకపోతే చక్రం తిరగదు. కొంత వాయువు అక్కడే పక్కలకు చిమ్ముకుపోతుంది. కాబట్టి ఈ తూటాకు ఆరంగుళాల గొట్టం తగిలిస్తే దక్కే అదనపు వేగం, మోసే అదనపు బరువుకు తగినది కాదు.

గురి విషయంలో పొడుగు గొట్టం పక్షాన బలమైన వాదన ఉంది, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. ముందు గురి మొనకూ వెనుక గురి గాడికీ మధ్య దూరం పెరిగినకొద్దీ కంటి పొరపాటు తగ్గుతుంది. ఆ దూరం 120 మిల్లీమీటర్లుంటే, మొన ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగినా ఏడు మీటర్ల అవతల తూటా 58 మిల్లీమీటర్లు తప్పుతుంది. అదే 200 మిల్లీమీటర్లయితే తప్పేది 35 మిల్లీమీటర్లే. ఇరవై మీటర్ల దగ్గర ఈ అంకెలు 167, 100 అవుతాయి. పోటీల్లో కాల్చేవాళ్లు పొడుగు గొట్టం ఎంచుకునేది ఇందుకే. బస్టాండులో, సంతలో పక్కవాడికి తగలకుండా ఉండాలంటే ఇదే మేలు కదా అని ఎవరైనా అడిగితే ఆ ప్రశ్న న్యాయమైనదే. జవాబు పై లెక్కలోనే ఉంది. ఆత్మరక్షణ అన్న మాటకు అర్థం ఉండే దూరం నాలుగడుగులు, అయిదడుగులు. అక్కడ రెండు గొట్టాల మధ్య తేడా ఒకటిన్నర సెంటీమీటరు కూడా ఉండదు. ఇరవై మీటర్ల అవతలి మనిషి నుంచి సాధారణంగా తప్పుకోవచ్చు, అతన్ని కాల్చి ఆత్మరక్షణ అంటే కోర్టు ఒప్పుకోవడం కష్టం. అంతకంటే పెద్ద తప్పు చేతిది. సుత్తి ముందుగా లాగి పెట్టకుండా కాల్చాలంటే ట్రిగ్గర్ మీద నాలుగైదు కిలోల బలం పెట్టాలి. ఆయుధం బరువు ముప్పావు కిలో. తన బరువుకు సుమారు ఆరు రెట్ల లాగుడుకు, పైగా భయంతో వణికే చేతిలో, తుపాకీ ఎటు తిరుగుతుందో గొట్టం పొడవు నిర్ణయించదు. ఆ తప్పును తగ్గించేది సాధన ఒక్కటే. సాధన మాటకొస్తే, ఏడాదికి కొనగలిగే తూటాల సంఖ్యకూ లైసెన్సులో పరిమితి ఉంటుంది.

పొడుగు గొట్టం దాగదన్న రెండో మాటను కూడా సవరించాలి. చొక్కా కింద ఉబ్బెత్తుగా తెలిసిపోయేది పిడి, ఆ తర్వాత చక్రం. ఆరు తూటాల చక్రం సుమారు మూడున్నర సెంటీమీటర్ల మందం ఉంటుంది, గొట్టం మందం అందులో సగం. నడుము లోపలికి దిగిన గొట్టం మరో రెండంగుళాలు పెరిగినా నిలబడ్డ మనిషిలో ఎవరికీ కనబడదు. బరువు కిందికి దిగడం వల్ల పిడి బయటికి ఒరగకుండా నిలుస్తుందని కూడా వాదిస్తారు, అది సబబే. చిక్కంతా కూర్చున్నప్పుడు. మిర్యాలగూడ రైస్‌మిల్లు గుమాస్తా గద్దె మీదైనా, హైదరాబాదు-విజయవాడ రోడ్డు మీద కారులోనైనా, మోటార్‌సైకిల్ మీదైనా మనిషి రోజులో ఎక్కువసేపు కూర్చునే ఉంటాడు. మడిచిన తొడకూ నడుముకూ మధ్య ఆరంగుళాల ఇనుము ఇమడదు, పైకి లేస్తుంది లేదా గుచ్చుకుంటుంది. నల్లగొండ, సూర్యాపేట ఎండల్లో పల్చటి నూలు చొక్కా, దాని కింద చెమట. చెమటలోని ఉప్పు ఉక్కును తుప్పు పట్టిస్తుంది, ఒంటికి తగిలే ఉక్కు ఎంత ఎక్కువైతే తుడిచే పని అంత ఎక్కువ. ఇబ్బంది పెట్టే ఆయుధానికి ఒక గతే పడుతుంది: యజమాని దాన్ని తీసి కారు డాష్‌బోర్డులోనో దిండు కిందో పెడతాడు. పిల్లల చేతికో దొంగ చేతికో అది చిక్కేది అక్కడే. పొడుగు గొట్టానికి వ్యతిరేకంగా నా అసలు అభ్యంతరం ఇదే.

అసలు దాచుకొని తిరగడమే తప్పు కదా, ధైర్యంగా పైకి పెట్టుకుంటే పొడవు సమస్యే ఉండదు కదా అనేవాళ్లూ ఉన్నారు. 2016 ఆయుధ నియమాలు దీనికి ఎదురు చెబుతున్నాయి. బహిరంగ స్థలంలో చేతి తుపాకీ హోల్‌స్టర్‌లోనో సంచిలోనో కప్పబడి, మోసేవాడి అదుపులో ఉండాలి. పెళ్లి ఊరేగింపులో గాల్లోకి కాలిస్తే 2019 సవరణ ప్రకారం రెండేళ్ల దాకా జైలు లేదా లక్ష వరకు జరిమానా, లేదా రెండూ. దాచిన తుపాకీ పోలీసుకు ఎంత ప్రమాదమో ఈ ప్రాంతానికి తెలుసు. 2015 ఏప్రిల్ మొదట్లో సూర్యాపేట బస్టాండులో రాత్రి తనిఖీలో ఇద్దరు సాయుధులు కాల్పులు జరిపితే ఒక కానిస్టేబుల్, ఒక హోంగార్డు చనిపోయారు. వాళ్లవి లైసెన్సు ఆయుధాలు కావు, నిజమే. కానీ తనిఖీ చేసే చేతికి చొక్కా కింది ఉబ్బు లైసెన్సుదా కాదా అన్నది ముందుగా తెలియదు. అందుకే ఎన్నికల కోడ్ రాగానే బ్యాంకు కాపలా వంటి మినహాయింపులు తప్ప మిగతా లైసెన్సుదారులను పోలీసు స్టేషన్‌లో ఆయుధం అప్పగించమంటారు.

కోదాడ వాళ్లకు ఇంకో సంగతి. లైసెన్సు మీద అది చెల్లే ప్రాంతం రాసి ఉంటుంది. రాష్ట్రం విడిపోయిన 2014 జూన్ 2కు ముందు విజయవాడ పెళ్లికి వెళ్లినా రాష్ట్రం దాటినట్టు కాదు. ఇప్పుడు రామాపురం క్రాస్‌రోడ్డు దాటితే వేరే రాష్ట్రం. లైసెన్సు తెలంగాణ వరకే ఉంటే, నడుముకున్న గొట్టం మూడంగుళాలైనా ఆరంగుళాలైనా జగ్గయ్యపేటలో అది చట్టం ముందు నేరమే.