మసక టీవీలోనా, కంట్లోనా?

ఓర్వకల్లు: "టీవీ పాతబడింది నాయనా, మనుషుల మొగాలు అలుక్కుపోయినట్టు ఉండాయి" అని ఈ మండలంలోని ఒక పల్లెలో ఎనభై ఏళ్లకు దగ్గరపడిన అవ్వ కొడుకుతో రోజూ పోరు పెట్టింది. ఆయన కర్నూలు వెళ్లి ఒక దుకాణంలో విచారించాడు. 43 అంగుళాల 4కె టీవీ తీసుకుంటే అద్దంలా కనిపిస్తుందన్నారు. పొదుపు సంఘంలో భార్య పేరున అప్పు తీయడానికి సిద్ధపడ్డాడు.

టీవీలో మనం చూసే బొమ్మ మొత్తం తెర మీద ఉండదు. సగం పని కన్ను చేస్తుంది. చీకట్లో కొరివిని గిరగిర తిప్పితే మంట చక్రం కనిపిస్తుంది. అక్కడ చక్రం లేదు, ఒక్క నిప్పే ఉంది. పాత టీవీలు నడిచింది ఈ కిటుకు మీదే. 625 గీతల బొమ్మలో బేసి గీతలు ఒకసారి, సరి గీతలు మరొకసారి గీసేవారు. సెకనుకు 25 పూర్తి బొమ్మలే అయినా 50 సగం బొమ్మలుగా రావడంతో తెర అదిరినట్టు తోచేది కాదు. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు ఉపగ్రహం ద్వారా టీవీ చూపినప్పుడు జనం కళ్లప్పగించి చూసింది ఇటువంటి బొమ్మలనే.

1982లో రంగులు వచ్చాయి. రంగు విషయంలో మన కన్ను కాస్త మొద్దు. దూరాన గట్టు మీద నిలబడిన మనిషిని ఆకారం చూసి గుర్తుపడతాం, చీర అంచు రంగేమిటంటే చెప్పలేం. అందుకే వెలుగునీడలను వివరంగా, రంగును పలుచగా పంపుతారు. నేటి సెల్‌ఫోన్ వీడియోల్లోనూ సాధారణంగా ప్రతి చుక్కకూ వెలుగు కొలత వేరుగా ఉంటుంది, రంగు మాత్రం నాలుగు చుక్కలకూ కలిపి ఒక్కటే. ఎవరూ పసిగట్టరు. ఫోను మీద నీటి తుంపర పడితే ఆ చుక్కల్లోని ఎర్ర, పచ్చ, నీలం ముక్కలు విడివిడిగా కనిపిస్తాయి. తుడిచేస్తే మళ్లీ కలిసిపోతాయి.

టీవీలో 'షార్ప్‌నెస్' అని ఒకటుంటుంది. అది లేని వివరాన్ని తేదు. వస్తువు అంచు పక్కన ఒక తెల్ల గీత, ఒక నల్ల గీత చేర్చుతుంది. మన ఆడవాళ్లు ముగ్గు పక్కన ఎర్రమన్ను దిద్దితే సున్నం ఇంకా తెల్లగా కనిపించడం లేదా? అదే ఇది. మరీ పెంచితే మనుషుల చుట్టూ గీత గీసినట్టు వికారంగా ఉంటుంది.

ఇక అప్పు సంగతి. ఆరోగ్యమైన కన్నుకు పది అడుగుల నుంచి మిల్లీమీటరు కంటే కొద్దిగా తక్కువ ఎడం ఉన్న చుక్కలే విడిగా ఆనుతాయి. ఆ ఇంట్లో ఉన్న 32 అంగుళాల టీవీలో చుక్కల ఎడం అర మిల్లీమీటరు. అవ్వ మంచం ఎనిమిది అడుగుల దూరాన ఉంది. అంటే మంచి కన్నున్నవారికి కూడా అక్కడినుంచి పాత టీవీ చుక్కలే విడిపోవు. 43 అంగుళాల 4కె తెరలో చుక్కలు పావు మిల్లీమీటరు. వాటిని విడదీసి చూడాలంటే మూడు అడుగుల లోపల కూర్చోవాలి. పైగా మనకు వచ్చే చానెళ్లలో ఎక్కువ భాగం 4కెలో రావు. ఇది దుకాణంలో ఎవరూ చెప్పరు.

ఆ ఇంటి పిల్లవాడు మంచం మీద కూర్చుని తెర కింద పరుగెత్తే అక్షరాలు గడగడా చదివాడు. అవ్వ తెర ముందుకు వచ్చి, ఒక్కో కన్నూ మూసి చూసినా మసకే. రాత్రి వీధి దీపం చుట్టూ వలయం కనిపిస్తోందని కూడా అప్పుడే చెప్పింది. టీవీ ధ్యాసలో పడి అంతవరకూ ఆ మాట ఎవరూ అడగలేదు.

కర్నూలు ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రిలో చూపితే రెండు కళ్లలోనూ శుక్లమని తేలింది. శుక్లం ముదిరితే కంటిలోని కటకం పసుపుబారి తెల్లబడుతుంది. ఎంత ఖరీదైన తెర పెట్టినా ఆ పొర దాటి రావాల్సిందే. అంధత్వ నివారణకు జాతీయ కార్యక్రమం 1976లోనే మొదలైంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ ఆపరేషన్‌కు డబ్బు తీసుకోరు.

కుడి కంటికి ఆపరేషన్ అయ్యింది. కట్టు విప్పిన కొద్ది రోజులకు అదే పాత టీవీ ముందు కూర్చుని అవ్వ కోడలిని పిలిచింది.

"ఏమ్మే, ఈ యమ్మ చీర నీలమా? ఇన్నాళ్లూ పచ్చదనుకుంటినే!"

ఎడమ కన్ను వంతు వచ్చే నెలలో.