చెల్లుకు చెల్లు : దివాలా నష్టమును తగ్గించు లెక్క

ఒక చేత సరుకు, ఒక చేత సొమ్ము మారు బేరములో ఎవరిని ఎవరును నమ్మవలసిన పని లేదు. ఒప్పందము నేడు, చెల్లింపు రేపు అన్నపుడే చిక్కు పుట్టును. ఆ నడిమి కాలములో ఎదుటి పక్షము దివాలా తీసినచో మనకు రావలసిన సొమ్ము ఏమగును? బ్యాంకులు ప్రతిదినము కోట్లకొలది రూపాయల ఒప్పందములు ఇట్టి నమ్మకముమీదనే చేసికొనుచున్నవి. ఒక బ్యాంకు కూలినచో దానిని నమ్మిన మరియొక బ్యాంకు, దానిలో సొమ్ము దాచుకొన్న సామాన్యులు గూడ చిక్కులలో పడుదురు.

1974 జూన్ 26వ తేదీన జరిగిన సంగతి ఇందుకు మంచి ఉదాహరణము. జర్మనీలోని కొలోన్ నగరమున హెర్‌స్టాట్ అను బ్యాంకు ఉండెడిది. ఆనాడు అక్కడ బ్యాంకు వేళలు ముగిసిన పిమ్మట అధికారులు దాని లైసెన్సును రద్దుచేసిరి. అప్పటికి న్యూయార్కులో ఇంకను ఉదయమే. ఆ బ్యాంకుతో విదేశద్రవ్యపు బేరములు కుదుర్చుకొన్న ఇతర బ్యాంకులు జర్మన్ మార్కులను అప్పటికే చెల్లించివేసినవి. వానికి బదులు న్యూయార్కులో అందవలసిన డాలర్లు మాత్రము అందలేదు. ఇట్టి నష్టభయమును నేటికిని బ్యాంకర్లు హెర్‌స్టాట్ పేరుతోనే పిలుతురు.

బాకీల తీసివేత

ఈ భయమును తగ్గించు మొదటి ఉపాయము మనకు కొత్తది కాదు. ఇద్దరు వర్తకులు ఒకరికొకరు బాకీపడినపుడు "చెల్లుకు చెల్లు" అని కొట్టివేసి, మిగిలినదే ఇచ్చిపుచ్చుకొందురు. దీనినే ఆర్థికరంగమున "నెట్టింగు" అందురు.

"క" అను బ్యాంకు "ఖ" అను బ్యాంకునకు 100 కోట్ల రూపాయలు ఇయ్యవలె ననుకొందము. "ఖ" కూడ "క"కు 90 కోట్లు ఇయ్యవలసియున్నది. ఇంతలో "క" దివాలా తీసినది. దాని ఆస్తులను బట్టి అప్పులవారికి రూపాయికి 20 పైసలు మాత్రమే వచ్చును. తీసివేతకు వీలు లేనిచో, దివాలా వ్యవహారము చూచు అధికారి "ఖ" నుండి 90 కోట్లను పూర్తిగా వసూలుచేసి, 100 కోట్లకు బదులు 20 కోట్లే ఇచ్చును. "ఖ"కు నష్టము 80 కోట్లు. తీసివేత చెల్లుబాటైనచో మిగులు బాకీ 10 కోట్లే. అందులో 2 కోట్లు చేతికి వచ్చును. నష్టము 8 కోట్లు. బ్యాంకులు అవే, బాకీలు అవే. నష్టము మాత్రము పదవవంతు.

అయితే ఈ తీసివేత దివాలానాడు న్యాయస్థానములో నిలువవలెను. నిలువనిచో లెక్క కాగితముమీదనే ఉండును. అందుచేతనే భారత పార్లమెంటు 2020లో ద్వైపాక్షిక నెట్టింగునకు ప్రత్యేకముగా ఒక చట్టము చేసినది. అది ఆ సంవత్సరము అక్టోబరు 1 నుండి అమలులోనికి వచ్చినది.

నడుమ నిలుచు సంస్థ

ఇప్పుడు మూడు బ్యాంకులను తీసికొందము. "క" "ఖ"కు 100, "ఖ" "గ"కు 90, "గ" "క"కు 80 కోట్లు ఇయ్యవలెను. ఏ ఇద్దరి నడుమను ఎదురుబాకీ లేదు గనుక ఇద్దరిద్దరుగా చూచినపుడు కొట్టివేతకు వీలు లేదు. మొత్తము 270 కోట్లు చేతులు మారవలె. ముగ్గురి లెక్కలను ఒకచోట చేర్చి చూడుడు. "క" ఇయ్యవలసినది నికరముగా 20 కోట్లు. "ఖ"కు 10, "గ"కు 10 కోట్లు రావలెను. 20 కోట్లు కదలిన చాలును.

ఇట్లు లెక్కలను ఒకచోట చేర్చునదే క్లియరింగు సంస్థ. బేరము కుదిరిన పిమ్మట అది ఇరువురి నడుమ నిలిచి, అమ్మినవానికి కొన్నవాడుగను, కొన్నవానికి అమ్మినవాడుగను తానే అగును. ఒక ఒప్పందము రెండగును. 20 బ్యాంకులు ఒకదానితో నొకటి నేరుగా వ్యవహరించినచో 190 జతలు ఏర్పడును; నడుమ సంస్థ యున్నచో సంబంధములు 20 మాత్రమే. మనదేశమున ముంబయిలోని క్లియరింగ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా 2001లో ఏర్పడి, 2002 ఫిబ్రవరి నుండి ప్రభుత్వ ఋణపత్రముల బేరములకు ఈ పనిచేయుచున్నది.

ధరావతులు

అందరి భయమును తనపై వేసికొన్న సంస్థయే కూలినచో? ఇచ్చటనే అసలు జాగ్రత్త అవసరము. ప్రతి సభ్యుడును ముందుగా ధరావతు కట్టవలెను. దీనినే మార్జిను అందురు. ధరలు మారినకొలది నష్టపోయిన పక్షము ఆ తేడాను వెంటనే చెల్లించవలెను. ఎవరైన చెల్లించలేకపోయినపుడు మొదట వాని ధరావతును, పిదప ఉమ్మడి నిధిలోని వాని భాగమును, ఆపైన సంస్థ సొంత సొమ్ములో కొంతను, చివరకు ఇతర సభ్యుల నిధిని వరుసగా వాడుదురు.

2008 సెప్టెంబరులో అమెరికాలోని లేమన్ బ్రదర్స్ దివాలా తీసినపుడు ఈ ఏర్పాటునకు గొప్ప పరీక్ష వచ్చినది. లండనులోని ఎల్.సి.హెచ్. అను క్లియరింగు సంస్థ వద్ద దాని వడ్డీరేట్ల మార్పిడి ఒప్పందములు 66 వేలకు పైగా ఉండెను. వాని ముఖవిలువ 9 లక్షల కోట్ల డాలర్లు. కొన్ని వారములలో వానినన్నిటిని ఇతరులకు అప్పగించగలిగిరి. లేమన్ కట్టిన ధరావతులో సుమారు మూడవవంతు మాత్రమే ఖర్చైనది. ఇతర సభ్యులకు నష్టము రాలేదు. మరుసటి సంవత్సరము పిట్స్‌బర్గులో సమావేశమైన జి-20 దేశములు ఇట్టి సామాన్యపు ఒప్పందములన్నియు క్లియరింగు సంస్థల ద్వారా జరుగవలెనని నిర్ణయించినవి.

పదేండ్లకు వేరొక పాఠము కలిగినది. 2018 సెప్టెంబరులో స్టాక్‌హోమునందలి నాస్‌డాక్ క్లియరింగు సంస్థలో విద్యుచ్ఛక్తి ధరలపై పందెము వేసిన ఒక వర్తకుడు చెల్లించలేకపోయెను. అతని ధరావతు చాలలేదు. సంస్థ సొమ్ము 70 లక్షల యూరోలు, ఇతర సభ్యుల నిధి నుండి 10 కోట్ల 70 లక్షల యూరోలు హరించుకుపోయినవి. ఏ తప్పును చేయని సభ్యులు నష్టమును భరింపవలసివచ్చినది.

దీనినిబట్టి తేలునదేమన, బాకీల కొట్టివేత నష్టమును నిజముగా తగ్గించును. క్లియరింగు సంస్థ మిగిలిన నష్టమును మాయము చేయదు, ఒకచోటికి చేర్చును. ఆ చోటు ఎంత గట్టిదో నిర్ణయించునవి ముందుగా వసూలుచేసిన ధరావతులే. ధరలు నెమ్మదిగానున్న దినములలో ధరావతు తగ్గించుమని సభ్యులు కోరుట సహజము. అప్పుడు తగ్గించిన ప్రతి రూపాయియు దివాలానాడు ఇతరుల నిధి నుండి రావలసియుండునని గుర్తుంచుకొనవలెను.