గుట్టెక్కి గద్దల్ని లెక్కపెడితే...

మార్చి వచ్చిందంటే మా బడిలో రెండు లెక్కలు మొదలవుతాయి. ఒకటి, పరీక్షలకు ఇంకా ఎన్ని రోజులున్నాయన్నది. రెండోది, ఈ శనివారం గుట్ట మీదుగా ఎన్ని వేటపక్షులు ఉత్తరానికి పోయాయన్నది. మొదటిది అన్ని బళ్లలోనూ ఉండేదే. రెండోదాని గురించే ఈ నాలుగు మాటలు.

మాది తమిళనాడులోని కృష్ణగిరి జిల్లా. హోసూరు చుట్టుపక్కల ఒక ఊళ్లో తెలుగు మాధ్యమం బడి. వెనకే ఓ బోడిగుట్ట. మూడేళ్లుగా మార్చి, ఏప్రిల్ శనివారాల్లో ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలతో దాన్ని ఎక్కుతున్నాం. మా దగ్గరున్నవి ఒక బైనాక్యులర్, రెండు గొడుగులు, ఒక రూళ్ల నోటుపుస్తకం.

చలికాలం మన దేశంలో గడిపిన వేటపక్షులు ఎండలు ముదిరేసరికి తిరుగుదారి పడతాయి. మధ్య ఆసియా గడ్డిమైదానాల్లో గూళ్లు కట్టి పిల్లల్ని పెంచడానికి వెళ్తాయి. హిమాచల్‌ప్రదేశ్‌లోని ధర్మశాల దగ్గర ధౌలాధార్ కొండల వెంట వసంతంలో వేల గద్దలు దాటుతాయి. గుజరాత్‌లోని వెలవదర్ గడ్డిభూముల్లో, నంద్యాల జిల్లా రోళ్లపాడులో చలికాలమంతా గడ్డిలో పడుకునే పిల్లిగద్దలు కూడా ఈ రోజుల్లోనే బయలుదేరతాయి. మా గుట్ట మీదుగా పోయేవి చాలా కొద్ది. అయినా లెక్కపెడుతున్నాం.

తొమ్మిది దాటాకే ఎందుకు?

పిల్లలు మొదటిరోజే అడిగారు: "పక్షులు పొద్దున్నే లేస్తాయి కదా సార్, మనం ఇంత ఆలస్యంగా ఎందుకు ఎక్కుతున్నాం?" బండలు, బీడు నేల వేడెక్కితేగాని వెచ్చని గాలి పైకి లేవదు. పెద్ద రెక్కల గద్ద ఆ గాలిలో చుట్లు తిరుగుతూ, రెక్క ఆడించకుండా పైకి పోతుంది. తగినంత ఎత్తుకు చేరాక ఏటవాలుగా ముందుకు జారుతుంది. మళ్లీ వెచ్చని గాలి దొరికిన చోట చుట్లు మొదలు. అంత దూరం ఒళ్లు అలవకుండా పోయే కిటుకు ఇదే. భౌతికశాస్త్రంలో బొమ్మ గీసి ఎంత చెప్పినా ఎక్కని పాఠం గుట్ట మీద పది నిమిషాల్లో ఎక్కింది.

మా పద్ధతి ఇది. ఇద్దరు చూస్తారు, ఒకరు రాస్తారు, గంటకోసారి మారతారు. ఉత్తరం వైపు నేరుగా సాగి కనుమరుగైన పక్షినే లెక్కలో వేస్తాం. అక్కడక్కడే తిరిగేది ఇక్కడిదే అనుకోవాలి. తోక చీలి ఉంటే నల్లగద్ద. రెక్కల్ని కాస్త పైకెత్తి, నేలకు దగ్గరగా తేలుతూ పోయేది పిల్లిగద్ద. మబ్బు తునక ఉంటే ఎత్తున ఉన్న పక్షి దొరుకుతుంది, ఒట్టి నీలాకాశంలో కలిసిపోతుంది. సూర్యుడి వైపు మాత్రం బైనాక్యులర్ తిప్పరాదు. కళ్లు పోతాయి.

పేర్లు ఇంట్లోనే ఉన్నాయి

మా పిల్లలకు తమిళంలో పరుందు తెలుసు, కన్నడంలో హద్దు తెలుసు, తెలుగులో గద్ద తెలుసు. మూడు భాషల్లోనూ ఒక్కో మాటే! తెలుగులో ఇంకేం లేవా అని వెతికాం. నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన థామస్ జెర్డాన్ 1862-64 మధ్య తెచ్చిన 'ది బర్డ్స్ ఆఫ్ ఇండియా'లో పక్షులకు మనవాళ్లు పిలిచే పేర్లూ రాసిపెట్టారు. పిల్లిగద్ద అందులో ఉంది. తొండల్ని పట్టే చిన్న డేగకు తొండలముచ్చి గద్ద అన్న పేరూ ఉంది. ఒక పాప ఈ పేర్లు ఇంట్లో చెబితే వాళ్ల అవ్వ నవ్విందట: "పిల్లిగద్ద నాకు తెలీదా? రాగి చేను కోసినాక వచ్చేది కదే!" పుస్తకంలో వెతికిన మాట ఆ ఇంటి వసారాలోనే ఉంది. అడిగినవాళ్లే లేరు.

సున్నా కూడా లెక్కే

రెండో ఏడు ఒక అబ్బాయి అరగంటలో 12 పిల్లిగద్దలు రాశాడు. పక్కన కూర్చున్న మాకు ఒక్కటీ కనబడలేదు. మెల్లగా అడిగితే తల దించుకున్నాడు. "సున్నా రాస్తే బాగుండదు గదా సార్." తప్పు వాడిది కాదు. ప్రతి సోమవారం ఎక్కువ అంకె వచ్చిన జట్టుకు చప్పట్లు కొట్టించింది మేమే.

ఆ మాట మాకు ఇంకోచోట కూడా తగిలింది. ప్రతి జూన్‌లో తెలుగు తరగతుల్లో ఎందరు చేరారో లెక్క పంపాలి. ఏటేటా ఆ అంకె తగ్గుతోంది. ఒకట్రెండు పేర్లు కలిపి రాస్తే ఎలా ఉంటుందని ఒక ఏడు మాలో మేం అనుకున్న మాట నిజం. రాయలేదు. కానీ ఆ అబ్బాయి మనసు మాకు కొత్తదేమీ కాదు.

చప్పట్లు మానేశాం. పిల్లలకు ఒక కొండ కథ చెప్పాం. అమెరికాలోని పెన్సిల్వేనియాలో హాక్ మౌంటెన్ అనే కొండ మీద జనం ఏటా శరత్తులో దాటిపోయే డేగల్ని సరదాకు కాల్చేవారు. 1934లో రోజలీ ఎడ్జ్ అనే ఆవిడ ఆ కొండను కౌలుకు తీసుకుని, మారిస్ బ్రౌన్‌ను కాపలా పెట్టారు. ఆయన వేటగాళ్లను ఆపుతూనే, పోయే పక్షుల్ని రాస్తూ వచ్చారు. 1935-39 మధ్య అక్కడ కనిపించిన తెల్లతల గద్దల్లో వందకు 40 ఏడాది వయసు కుర్రపక్షులు. 1957 నాటికి 32 పెద్ద పక్షులకు ఒక్క కుర్రపక్షి. గద్దలకు పిల్లలు నిలవడం లేదని ఆ అంకెలే చెప్పాయి. డీడీటీ వంటి పురుగుమందుల కీడు గురించి 1962లో 'సైలెంట్ స్ప్రింగ్' రాసిన రేచల్ కార్సన్ ఈ లెక్కల్ని అందులో చూపించారు. 1972లో అమెరికా డీడీటీ వాడకాన్ని దాదాపు పూర్తిగా నిషేధించింది. బాగుండదని ఎవరైనా ఆ 1 పక్కన ఇంకో అంకె వేసి ఉంటే?

పిల్లలు కాసేపు మాట్లాడలేదు.

మరుసటి శనివారం మొదటి రెండు గంటలూ పుస్తకంలో సున్నాలే. సున్నా పక్కన గాలి, మబ్బు, టైము. పదకొండున్నరకు కోసిన చేల మీదుగా, మేం నిలబడ్డ బండ కన్నా కిందుగా ఒక మగ పిల్లిగద్ద వచ్చింది. బూడిద కలిసిన తెలుపు, రెక్కల కొసలు నలుపు. దాని వీపు చూడటం అందరికీ అదే మొదటిసారి. చింతతోపు దాటి, చెరువు కట్ట దాటి, నేరుగా ఉత్తరానికి పోయి కనుమరుగైంది. పెన్ను ఆ అబ్బాయి చేతిలోనే ఉంది. ఒకటి అని రాశాడు. దాని పక్కన ఎవరూ అడగకుండానే 'అందరం చూశాం' అని రాసుకున్నాడు.

బళ్లారిలోనో, రాయగడలోనో, చంద్రపూర్‌లోనో మీ బడి దగ్గరా ఒక గుట్టో, మిద్దో ఉండే ఉంటుంది. ముగ్గురు పిల్లలు, ఒక నోటుపుస్తకం చాలు. ఇంట్లో అవ్వను, తాతను పక్షి పేరు అడగమనండి. ఏటా అవే శనివారాలు, అదే చోటు, అదే పద్ధతి. మా పుస్తకంలో సున్నాలే ఎక్కువ. దాన్ని బీరువాలో హాజరు పట్టీల పక్కనే పెట్టాం.